గసాభాకి ఏ పద్ధతి మంచిది? ముందు సంఖ్యల వంక చూడండి

గసాభాకి ఏ పద్ధతి బెస్ట్ అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లని పెద్దగా నమ్మకండి. ప్రధాన కారణాంకాల పద్ధతి ముందుగా, గట్టిగా నేర్చుకోవాలి, అందులో అనుమానం లేదు. కానీ ప్రతి లెక్కకీ దాన్నే పట్టుకుని కూర్చుంటే కొన్నిచోట్ల మూడు లైన్లలో తేలిపోయేది పేజీ నిండా రాసినా తేలదు. చలకుర్తి నవోదయకో వట్టెం నవోదయకో రాసే ఐదో తరగతి పిల్లలకి రెండు గంటల్లో 80 ప్రశ్నలు ఉంటాయి, అందులో 20 లెక్కలవి, అంటే సగటున ఒక్కో ప్రశ్నకి నిమిషంన్నర. నల్గొండలోనో పాలమూరులోనో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ పరీక్షకి చదివేవాళ్ల పరిస్థితీ అంతే. అందుకే ఏ సంఖ్యలు కనిపిస్తే ఏ దారి పట్టాలో ఇక్కడ ఉదాహరణలతో చెబుతున్నా.

గసాభా అంటే తెలుసు కదా, గరిష్ఠ సామాన్య భాజకం, ఇచ్చిన సంఖ్యలన్నిటినీ శేషం లేకుండా భాగించేవాటిలో అతి పెద్దది. కొన్ని పుస్తకాల్లో గసాకా అని ఉంటుంది, కంగారు పడొద్దు, రెండూ ఒకటే.

84, 120 తీసుకుందాం. అన్నిటికంటే పాత దారి, కారణాంకాలన్నీ రాసేయడం. 84కి 1, 2, 3, 4, 6, 7, 12, 14, 21, 28, 42, 84. 120కి 1, 2, 3, 4, 5, 6, 8, 10, 12, 15, 20, 24, 30, 40, 60, 120. రెండింట్లోనూ ఉన్నవాటిలో పెద్దది 12. జవాబు వచ్చింది, కానీ 28 సంఖ్యలు రాయాల్సి వచ్చింది, వాటిలో ఒక్క 12 రాయడం మర్చిపోయినా జవాబు 6 అయిపోతుంది, పైగా తప్పు జరిగిందని తెలిసే అవకాశం కూడా లేదు. గసాభా అంటే ఏమిటో మొదటిసారి అర్థం కావడానికి ఇది చాలా మంచిది, అందుకే చిన్న తరగతుల్లో దీంతోనే మొదలుపెట్టాలి. సంఖ్యలు 50 దాటితే మాత్రం దీన్ని వదిలేయండి.

ఇప్పుడు అదే లెక్క ప్రధాన కారణాంకాలతో, అంటే ఒక్కో సంఖ్యనీ ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టి:

84 = 2² × 3 × 7
120 = 2³ × 3 × 5

రెండింట్లోనూ ఉన్నవి 2, 3. ఉమ్మడిగా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యకీ చిన్న ఘాతం తీసుకోవాలి, అంటే 2², 3. గుణిస్తే 12. పెద్ద ఘాతాలు తీసుకుని, ఉమ్మడిగా లేని 5, 7 కూడా కలిపితే 2³ × 3 × 5 × 7 = 840, అది కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, ఇచ్చిన సంఖ్యలన్నిటితోనూ శేషం లేకుండా పోయేవాటిలో అతి చిన్నది. ఒకసారి విడగొట్టిన పనికి రెండు జవాబులు వచ్చాయి. ఈ పద్ధతి అసలు బలం ఇక్కడే ఉంది. ప్రశ్నలో గసాభా, కసాగు రెండూ అడిగితే ఇంకో ఆలోచన లేకుండా దీన్నే పట్టుకోండి.

పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఘాతాల దగ్గర. పేరులో గరిష్ఠ అని ఉంది కాబట్టి పెద్ద ఘాతం తీసుకోవాలనుకుంటారు. 2³ తీసుకుంటే 84ని 8తో భాగించాలి, అది పోదు కదా, అలా ఒక్కసారి భాగించి చూపిస్తే చాలు, ఇక రూల్ బట్టీ పట్టించాల్సిన పనే ఉండదు. రెండో తప్పు, 35, 72 లాంటివి ఇచ్చినప్పుడు జరుగుతుంది. 5 × 7, 2³ × 3², ఉమ్మడిగా ఏమీ లేదు కాబట్టి జవాబు 0 అనో, గసాభా లేదు అనో రాస్తారు. 1 ప్రతి సంఖ్యనీ భాగిస్తుంది కాబట్టి జవాబు 1. మూడోది కొంచెం కనిపెట్టడం కష్టం: 51, 57, 91, 119, 133 లాంటివి చూసి ఇవి ప్రధాన సంఖ్యలే అని ఆపేస్తారు. 51 అంటే 3 × 17, 57 అంటే 3 × 19, 91 అంటే 7 × 13, 119 అంటే 7 × 17, 133 అంటే 7 × 19. 13, 17, 19 ఎక్కాలు రాని పిల్లలకి ఈ పద్ధతి ఎంత నేర్పినా సగమే వస్తుంది, కాబట్టి ముందు ఎక్కాలు చెప్పించండి.

విడగొట్టడానికి చెట్టులా గీయాలా, నిలువుగా భాగహారం చేయాలా అని కూడా అడుగుతారు. ఏదైనా ఒకటే, ఒక సంఖ్యకి ప్రధాన కారణాంకాలు ఏ దారిలో పోయినా అవే వస్తాయి. 120ని 10 × 12 అని మొదలుపెట్టినా 4 × 30 అని మొదలుపెట్టినా చివర్లో తేలేది 2, 2, 2, 3, 5 మాత్రమే. చెట్టు గీస్తే వేగంగా పోతుంది కానీ చివర ఒక కొమ్మ లెక్కలోకి రాకుండా మిగిలిపోతుంటుంది, నిలువు భాగహారంలో ఆ గొడవ లేదు. తడబడే పిల్లలకి నిలువుదే నయం.

ఇప్పుడు కొంచెం మన ఊళ్లలోని లెక్క. దేవరకొండ వైపు ఒక బత్తాయి తోట ఉందనుకోండి, 168 మీటర్ల పొడవు, 132 మీటర్ల వెడల్పు. చుట్టూ రాతి కడీలు పాతాలి, నాలుగు మూలల్లోనూ కడీ ఉండాలి, అన్ని కడీల మధ్యా ఒకే దూరం ఉండాలి, కడీలు వీలైనన్ని తక్కువ పట్టాలి. కడీలు తక్కువ పట్టాలంటే మధ్య దూరం ఎక్కువ ఉండాలి, అంటే గసాభా.

168 = 2³ × 3 × 7
132 = 2² × 3 × 11

గసాభా 12. చుట్టుకొలత 600 మీటర్లు, కాబట్టి 50 కడీలు. పరీక్షలో ఇక్కడితో అయిపోతుంది. తోటలో అవ్వదు, ఎందుకంటే 12 మీటర్లకొక కడీ పాతితే తీగ వేలాడి పశువులు నేరుగా లోపలికి వస్తాయి. దూరం తగ్గించాలి, కానీ మూలల్లో సరిగ్గా కుదరాలి. 12 = 2² × 3 అని విడగొట్టి ఉంచుకున్నాం కాబట్టి ఏ దూరాలు కుదురుతాయో వెంటనే తెలుస్తుంది: 1, 2, 3, 4, 6, 12. ఉమ్మడి భాజకాలన్నీ గసాభాని భాగించేవే, వేరే ఉండవు. 4 మీటర్లకి ఒకటి అంటే 150 కడీలు, 3 మీటర్లకి అంటే 200. 5 మీటర్లు పెట్టాలని ఎంత మనసున్నా మూల దగ్గర తేడా వస్తుంది.

మూడు సంఖ్యలున్నప్పుడు కూడా ప్రధాన కారణాంకాలకే నా ఓటు. మిర్యాలగూడలో ఒక దుకాణంలో మూడు రకాల బియ్యం 360, 504, 648 కిలోలు ఉన్నాయి, కలపకుండా, మిగలకుండా, ఒకే బరువున్న సంచుల్లో నింపాలి, సంచి వీలైనంత పెద్దది కావాలి.

360 = 2³ × 3² × 5
504 = 2³ × 3² × 7
648 = 2³ × 3⁴

మూడింట్లోనూ ఉన్నది 2³ × 3² = 72 కిలోలు. సంచులు 5, 7, 9, మొత్తం 21. ఇంత పెద్ద సంచి ఎత్తలేం అనుకుంటే 72ని భాగించేది ఏదైనా తీసుకోవచ్చు, 36, 24, 18, ఏదైనా సరే. మూడు లైన్లు ఒకదాని కింద ఒకటి రాస్తే ఏది అందరికీ ఉందో, ఏది లేదో కంటికే కనిపిస్తుంది.

మూడు సంఖ్యల దగ్గరే నిచ్చెన పద్ధతి, అంటే అన్ని సంఖ్యలనీ పక్కపక్కన పెట్టి ఒకేసారి భాగించుకుంటూ పోయేది, చాలామందిని ముంచుతుంది. రెండు సంఖ్యలకి అది చాలా నీటుగా ఉంటుంది. 84, 120ని 2తో భాగిస్తే 42, 60, మళ్లీ 2తో 21, 30, తర్వాత 3తో 7, 10, ఇక ఉమ్మడిగా పోయేది లేదు, ఎడమవైపున్నవి గుణిస్తే 12. రాసేది కూడా తక్కువ. కానీ 24, 36, 45 ఇచ్చి చూడండి. 3తో పోతాయి, 8, 12, 15 వస్తాయి. గసాభాకి ఇక్కడే ఆగాలి, జవాబు 3. కసాగుకి అలవాటు పడ్డ చెయ్యి మాత్రం ఆగదు, 8, 12 రెండూ 4తో పోతున్నాయి కదా అని ముందుకు పోతుంది, 12 అని రాసేస్తుంది. 45ని 12 భాగించదు. కసాగుకి ఏ రెండు పోయినా కొనసాగించాలి, గసాభాకి అన్నీ పోతేనే కొనసాగించాలి, ఈ తేడా పరీక్ష టెన్షన్‌లో గుర్తుండటం కష్టం. అందుకే రెండు సంఖ్యలకే నిచ్చెన వాడి, మూడు వస్తే విడగొట్టడం మేలు.

మాటలో మాట, రెండు సంఖ్యల లబ్ధం వాటి గసాభా, కసాగుల లబ్ధానికి సమానం అనే సూత్రం కూడా మూడు సంఖ్యలకి పనిచేయదు. 24, 36, 45కి గసాభా 3, కసాగు 360, గుణిస్తే 1080. మూడు సంఖ్యల లబ్ధం 38,880. ఎక్కడి 1080, ఎక్కడి 38,880.

ఇంతవరకు ప్రధాన కారణాంకాల పద్ధతిని మెచ్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు అది ఎక్కడ పడిపోతుందో చూడండి. 1517, 1763కి గసాభా కావాలి. మొదలుపెట్టండి: 1517 సరిసంఖ్య కాదు, అంకెల మొత్తం 14 కాబట్టి 3 పోదు, 5 పోదు, 7 పోదు, 11, 13, 17, 19, 23, 29, 31, ఏదీ పోదు. 37 దగ్గర పోతుంది, 37 × 41. ఇంతా చేసి సగమే అయింది, ఇంకా 1763 ఉంది, అది 41 × 43. మధ్యలో ఒక్క భాగహారం తప్పినా, ఓపిక పోయి ఇది ప్రధాన సంఖ్యే అని రాసేసినా జవాబు పోయినట్టే. (1763 అంటే 42² − 1 అని చూడగానే పట్టేసేవాళ్లుంటారు, వాళ్లకి ఈ సలహాలేవీ అక్కర్లేదు.)

ఇలాంటి చోట యూక్లిడ్ పద్ధతి. పెద్దదాన్ని చిన్నదానితో భాగించు, వచ్చిన శేషంతో ఆ చిన్నదాన్ని భాగించు, శేషం 0 వచ్చేదాకా అదే పని:

1763 = 1517 × 1 + 246
1517 = 246 × 6 + 41
246 = 41 × 6 + 0

చివరిగా భాగించింది 41, అదే గసాభా. మూడు భాగహారాలు. ఏది ప్రధాన సంఖ్య, ఏది కాదు అనే ఆలోచనే లేదు. ఎందుకు పనిచేస్తుందంటే, రెండు సంఖ్యలనీ భాగించేది వాటి తేడానీ భాగించి తీరాలి, కాబట్టి శేషాన్ని కూడా భాగించాలి, అందుకని సంఖ్యలు చిన్నవవుతూ పోయినా గసాభా మాత్రం మారదు. క్రీ.పూ. 300 ప్రాంతపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఇది రాసిపెట్టాడు, మన ఆర్యభటుడి కుట్టకం అనే లెక్కల పద్ధతి కూడా ఇలా భాగించుకుంటూ పోయే పనే. ఎన్ని మెట్లు పడుతుందో అని భయం కూడా అక్కర్లేదు, చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో దానికి 5 రెట్లకి మించి భాగహారాలు పట్టవని ఫ్రాన్స్‌కి చెందిన గణితవేత్త లామే 1844లోనే నిరూపించాడు. నాలుగంకెల సంఖ్యకి ఎంత చెడ్డగా ఉన్నా 20, మామూలుగా పది లోపే అయిపోతుంది.

మరి యూక్లిడే అన్నిటికీ వాడొచ్చు కదా? వాడొచ్చు. కానీ కసాగు నేరుగా రాదు, లబ్ధాన్ని గసాభాతో భాగించాలి. మూడు సంఖ్యలుంటే ముందు రెండింటికి చేసి, వచ్చినదానితో మూడోదానికి మళ్లీ చేయాలి. ప్రశ్నలోనే a = 2³ × 3² × 5, b = 2² × 3 × 7 అని విడగొట్టి ఇచ్చారంటే గుణించి 360, 84 చేసి భాగహారం మొదలుపెట్టడం దండగ, 2² × 3 అని కళ్లతో చూసి రాసేయాలి. అసలు పెద్ద భాగహారాలంటేనే భయపడే పిల్లలు ఉంటారు, వాళ్లకి 246తో 1517ని భాగించు అంటే పెన్ను కింద పెట్టేస్తారు.

నాకు బాగా నచ్చేది ఈ రెంటికీ మధ్యలో ఉంది, పుస్తకాల్లో దీనికి పెద్దగా చోటివ్వరు. సంఖ్యలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటే వాటిని విడగొట్టకండి, వాటి తేడాని విడగొట్టండి. 1763 − 1517 = 246 = 2 × 3 × 41. గసాభా 246ని భాగించాలి. ఇచ్చిన సంఖ్యలు రెండూ బేసి, కాబట్టి 2 పోయింది. 1517ని 3 భాగించదు, 3 కూడా పోయింది. మిగిలింది 41, భాగిస్తుందా లేదా అని ఒక్కసారి చూడటమే. 391, 323 ఇస్తే తేడా 68 = 2² × 17, రెండూ బేసి సంఖ్యలు, కాబట్టి 17 అవ్వాలి లేదా 1 అవ్వాలి. 17 × 19 = 323, 17 × 23 = 391, అంతే.

ఈ దారి బలం తెలియాలంటే నల్గొండ పిన్‌కోడ్ 508001, మహబూబ్‌నగర్ పిన్‌కోడ్ 509001 తీసుకోండి. వీటి గసాభా ఎంత? ప్రధాన కారణాంకాలతో పోతే 508001 ఒక్కదానికే చెడ్డ సందర్భంలో 712 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ, అంటే 127 సంఖ్యలు, ప్రయత్నించాలి. తేడా చూస్తే సరిగ్గా 1000, అంటే 2³ × 5³. రెండు పిన్‌కోడ్‌లూ 1తో ముగుస్తున్నాయి, 2 పోదు, 5 పోదు. గసాభా 1. కాగితం కూడా అక్కర్లేదు.

పెద్ద సంఖ్యల్ని విడగొట్టడం కష్టం, గసాభా కనుక్కోవడం తేలిక అనే ఈ తేడా మీద చాలా పెద్ద వ్యవహారమే నిలబడి ఉంది. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతికి బలమే అది, అందులో ఇప్పుడు మామూలుగా వాడే సంఖ్యలకి 600 పైన అంకెలు ఉంటాయి. అంత పెద్ద రెండు సంఖ్యలకి గసాభా కంప్యూటర్ చిటికెలో చెప్పేస్తుంది, విడగొట్టమంటే మాత్రం చేతులెత్తేస్తుంది.

ఆప్షన్లు ఇచ్చే పరీక్షలకి ఇంకొకటి. 84, 120కి 6, 8, 12, 24 అని నాలుగు ఆప్షన్లు ఇచ్చారనుకోండి, అన్నిటికంటే పెద్దదాంతో మొదలుపెట్టి భాగించి చూడండి. 24తో 84 పోదు. 12తో రెండూ పోతాయి, గుర్తు పెట్టేసి ముందుకు వెళ్లండి. చిన్నదాంతో మొదలుపెడితే 6 కూడా రెండింటినీ భాగిస్తుంది, అక్కడే ఆగి తప్పు ఆప్షన్‌కి గుర్తు పెట్టేస్తారు. "ఇవేవీ కాదు" అనే ఆప్షన్ ఉంటే మాత్రం ఈ దారి వద్దు, లెక్క చేయాల్సిందే.

ఉద్యోగ పరీక్షల్లో బాగా కనిపించే రకం ఇంకొకటుంది: 100, 172, 280లను భాగిస్తే ఒకే శేషం మిగిల్చే అతి పెద్ద సంఖ్య ఏది? శేషం ఎంతో చెప్పలేదు కాబట్టి నేరుగా గసాభా కుదరదు, తేడాలకి గసాభా కావాలి. 72, 108, 180. మూడో తేడా మొదటి రెండిటి మొత్తమే, దాన్ని వదిలేయొచ్చు. 72 = 2³ × 3², 108 = 2² × 3³, గసాభా 36. మూడింటినీ 36తో భాగించి చూడండి, శేషం 28 వస్తుంది. తేడా తీశాక సంఖ్యలు చిన్నవైపోతాయి కాబట్టి ఇక్కడ మళ్లీ ప్రధాన కారణాంకాలే హాయి.

పిల్లలకి నేర్పే వరుస గురించి తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఐదో తరగతికి కారణాంకాలు రాయడం, ప్రధాన కారణాంకాలు, ఆప్షన్లు పరీక్షించడం, ఈ మూడూ చాలు. నవోదయకి రాసే పిల్లకి యూక్లిడ్ చెప్పాలా అంటే, భాగహారం తడబడకుండా వస్తే చెప్పండి, రాకపోతే వద్దు, తేడా చూసే చిట్కా మాత్రం తప్పకుండా చెప్పండి. పదో తరగతి, ఆపైవాళ్లకి అన్నీ వచ్చి ఉండాలి, వాళ్లు నేర్చుకోవాల్సింది ఎంపిక ఒక్కటే.

ఎంపిక అలవాటు కావాలంటే లెక్క చేయకముందే దారి పేరు చెప్పించండి. ఇవి చూడండి: 96, 144. తర్వాత 667, 713. తర్వాత 1147, 2479. తర్వాత 45, 75, 112. మొదటిది విడగొట్టినా వస్తుంది, తేడా తీసినా వస్తుంది, తేడా 48 రెండింటినీ భాగిస్తుంది కాబట్టి జవాబు 48. రెండోది తేడా లెక్కే, 46 = 2 × 23, జవాబు 23. మూడోదానిలో సంఖ్యలు దూరంగా ఉన్నాయి, యూక్లిడ్‌తో పోతే శేషాలు 185, 37, 0, జవాబు 37. నాలుగోదానిలో విడగొట్టడం కూడా పూర్తిగా అక్కర్లేదు, 45లో ఉన్నవి 3, 5 మాత్రమే, 112ని ఆ రెండూ భాగించవు, కాబట్టి 75 వంక చూడకుండానే 1 అని రాసేయొచ్చు.